తలుపు తెరిచినా సున్నాయే: కర్నల్ మాడ్యూల్ పంపే మెసేజ్ ప్రోగ్రామ్‌కి సరిగ్గా చేరాలంటే

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. మా మేనమామ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. మిర్చి సీజన్‌లో హమాలీలు బస్తాలు దించే హడావుడిలో చాంబర్ తలుపు తీసి అలాగే వదిలేస్తున్నారని, ఏదైనా అలారం చేసిపెట్టమని అడిగాడు. దాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నాం. తలుపుకి మాగ్నెట్ స్విచ్ పెట్టి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపాం. స్విచ్ మారగానే వచ్చే సిగ్నల్ (ఇంటరప్ట్) పట్టుకునే కర్నల్ మాడ్యూల్ (లినక్స్ కర్నల్ లోపలే నడిచే కోడ్) ఒకటి, నెట్‌లింక్ సాకెట్ (కర్నల్, ప్రోగ్రామ్ మాట్లాడుకునే దారి) మీద దాని మెసేజ్‌లు తీసుకునే సీ ప్రోగ్రామ్ ఒకటి రాశాం. మాడ్యూల్‌ని ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేస్తున్నాం, ప్రోగ్రామ్‌ని బోర్డు మీదే కంపైల్ చేస్తున్నాం. మెసేజ్‌లో టైమ్ సరిగ్గానే వస్తోంది, తలుపు మాత్రం ఎప్పుడూ 0 (మూసి ఉంది) అనే చూపిస్తోంది. ప్రోగ్రామ్ నుంచి మాడ్యూల్‌కి రెండు మూడు మెసేజ్‌లు పంపేసరికి బోర్డు ఫ్రీజ్ అవుతోంది. ఒక్కోసారి డీమెసేజ్‌లో (కర్నల్ లాగ్‌లో) ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అని వస్తోంది. ప్రోగ్రామ్ ఆపి మళ్లీ నడిపితే మెసేజ్‌లే రావు. ఇవన్నీ చూసి మా ఫ్రెండ్ నెట్‌లింక్ వదిలేసి ప్రాక్ ఫైల్ (‘/ప్రాక్’లో మాడ్యూల్ చూపించే ఫైల్) పెట్టుకుందాం అంటున్నాడు. రివ్యూలో సార్ ‘నెట్‌లింకే ఎందుకు’ అని అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. కోడ్ జత చేశాను. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసేసిన ఒక ముక్క నాకు బాగా పనికొచ్చింది. మాడ్యూల్ ల్యాప్‌టాప్‌లో, ప్రోగ్రామ్ బోర్డు మీద కంపైల్ అవుతున్నాయన్నావు. తలుపు సున్నా ఎందుకో అక్కడే దొరికిపోయింది. బోర్డు మీద రెండు కమాండ్లు కొట్టు. ‘యూనేమ్ -ఎం’ కొడితే ‘ఏఆర్క్64’ అని వస్తుంది, అంటే కర్నల్ 64 బిట్. ‘గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్’ కొడితే 32 అని వస్తుంది, అంటే దాని మీద నడిచే ప్రోగ్రామ్‌లు 32 బిట్. రాస్ప్‌బెర్రీ పై 4 మీద 32 బిట్ ఓఎస్ వేసినా కర్నల్ మాత్రం 64 బిట్‌ది లోడ్ కావడం 2023 నుంచి మామూలైపోయింది. చాలామందికి ఇది తెలియదు, ఎందుకంటే మామూలు ప్రోగ్రామ్‌లకి దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు. కర్నల్‌తో సొంతంగా బైట్లు మార్చుకునే వాళ్లకే వస్తుంది.

నీ స్ట్రక్ట్ (మెసేజ్‌లో వెళ్లే విలువల వరుస) చూడు. ముందు టైమ్ కోసం ఒక లాంగ్, తర్వాత తలుపు కోసం ఒక ఇంట్. 64 బిట్ కర్నల్‌లో లాంగ్ అంటే 8 బైట్లు, ఇంట్ 4, అలైన్‌మెంట్ (8 బైట్ల హద్దుకి సర్దడం) కోసం చివర మరో 4 ఖాళీ. మొత్తం 16 బైట్లు పంపుతోంది. నీ 32 బిట్ ప్రోగ్రామ్ లెక్కలో లాంగ్ 4, ఇంట్ 4, మొత్తం 8. అది మొదటి 4 బైట్లని టైమ్ అనుకుంటుంది. ఈ ప్రాసెసర్ సంఖ్యలో చిన్న సగాన్ని ముందు పెడుతుంది కాబట్టి టైమ్ సరిగ్గానే కనిపిస్తుంది. తర్వాతి 4 బైట్లని తలుపు అనుకుంటుంది. నిజానికి అవి టైమ్‌లోని పెద్ద సగం. 1970 నుంచి లెక్కపెట్టే సెకన్లు ఇప్పటికి 170 కోట్లు దాటాయి, 4 బైట్లలో 429 కోట్ల దాకా పడతాయి. అందుకే పెద్ద సగం ఎప్పుడూ సున్నాయే. అసలు తలుపు విలువ 8వ బైట్ దగ్గర కూర్చుని ఉంది, దాన్ని ఎవరూ చదవడం లేదు. ఇలాగే వదిలేస్తే 2106 దాకా మీ మామయ్య తలుపు మూసే ఉంటుంది.

కాబట్టి రెండు వైపులా దాటే డేటాలో లాంగ్, పాయింటర్, టైమ్_టీ లాంటివి పెట్టకు. వాటి సైజు ఎవరు కంపైల్ చేశారన్న దాన్ని బట్టి మారుతుంది. టైమ్‌కి ఎక్కడైనా 8 బైట్లే ఉండే __యూ64, తలుపుకి ఎక్కడైనా 4 బైట్లే ఉండే __యూ32, చివర ఖాళీ కోసం నువ్వే పేరు పెట్టి ఇంకో __యూ32 రాసి దాన్ని సున్నా చెయ్యి. ఖాళీని కంపైలర్‌కి వదిలేస్తే అందులో కర్నల్ మెమరీలోని పాత చెత్త బయటికి రావొచ్చు, అది సెక్యూరిటీ తప్పు కింద లెక్క. ఈ స్ట్రక్ట్‌ని ఒకే హెడర్ ఫైల్‌లో రాసి మాడ్యూల్‌లోనూ ప్రోగ్రామ్‌లోనూ దాన్నే కలుపు. నువ్వు రెండు చోట్లా విడివిడిగా టైప్ చేశావు.

ఇక ఫ్రీజ్ సంగతి. నువ్వు నెట్‌లో దొరికిన కోడ్ తెచ్చుకున్నావు, అందులో తప్పేం లేదు, అందరూ అలాగే మొదలుపెడతారు. కానీ అది రెండు వేర్వేరు కాలాల కోడ్ అతికించినట్టుంది. సాకెట్ తయారు చేసే నెట్‌లింక్_కర్నల్_క్రియేట్‌కి ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని కంపైలర్ తిడితే సరిచేసుకున్నట్టున్నావు. 2012 చివర్లో వచ్చిన 3.6, 3.7 కర్నల్స్‌లో ఆ ఫంక్షన్ రూపం మారింది, ఇప్పుడు మూడే ఆర్గ్యుమెంట్లు. అది కంపైలర్ పట్టుకునే తప్పు. కంపైలర్ పట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. మెసేజ్ రాగానే నడిచే నీ ఇన్‌పుట్ ఫంక్షన్ చివర్లో కేఫ్రీ_ఎస్‌కేబీ (మెసేజ్ ఉన్న బఫర్‌ని వదిలేసే కాల్) అని ఉంది. 2008 జనవరిలో 2.6.24 రాకముందు అది ఉండాల్సిందే. అప్పట్లో సాకెట్ క్యూ నుంచి బఫర్‌ని మనమే తీసుకుని మనమే వదలాలి. ఆ తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు నెట్‌లింకే బఫర్‌ని నీ ఫంక్షన్‌కి చూపించి, ఫంక్షన్ తిరిగి రాగానే తానే వదిలేస్తుంది. నువ్వూ వదిలి, అదీ వదిలితే ఒకే మెమరీ రెండుసార్లు ఖాళీ అయినట్టు లెక్క. ఆ క్షణంలోనే ఏమీ కాకపోవచ్చు. అదే చోటు తర్వాత ఇద్దరి చేతికి వెళుతుంది, అప్పుడు ఎక్కడో సంబంధం లేని చోట బోర్డు చస్తుంది. మొదటి మెసేజ్‌కి బాగుండి మూడోదానికి ఆగడం అందుకే. ఆ ఒక్క లైన్ తీసెయ్.

పంపే వైపు కూడా ఇదే జాగ్రత్త. ఎన్‌ఎల్‌ఎంఎస్‌జీ_న్యూతో నువ్వు తయారు చేసిన బఫర్‌ని ఎన్‌ఎల్‌ఎంఎస్‌జీ_యూనికాస్ట్‌కి ఇచ్చాక అది నీది కాదు. మార్కెట్‌లో కాంటా అయి, బస్తా ఖరీదుదారు లారీ ఎక్కాక రైతు మళ్లీ దాని మూతి విప్పలేడు కదా, అంతే. పంపడం ఫెయిల్ అయినా సరే, బఫర్‌ని వదిలే పని ఆ ఫంక్షన్‌దే. నువ్వు దాన్ని మళ్లీ ముట్టకూడదు, పొడవెంతో చూడ్డానికి కూడా. తయారు చేశాక పంపకుండానే వెనక్కి తగ్గితే మాత్రం ఎన్‌ఎల్‌ఎంఎస్‌జీ_ఫ్రీతో నువ్వే వదలాలి. నీ ఎర్రర్ దారిలో అది లేదు, అక్కడ మెమరీ లీకవుతోంది.

అదే ఫంక్షన్‌లో ఇంకొకటి కనిపించింది. వచ్చిన మెసేజ్‌ని నేరుగా ‘%ఎస్’తో ప్రింట్ చేస్తున్నావు. పంపినవాడు చివర సున్నా బైట్ పెట్టకపోతే కర్నల్ పక్క మెమరీలోకి చదువుకుంటూ పోతుంది. పొడవు ముందు చూసి, అంతవరకే చదువు. నీ ప్రోగ్రామే కదా పంపేది అనుకోకు. అదే సాకెట్‌కి బోర్డులో లాగిన్ అయిన ఎవరైనా పంపగలరు. సెట్టింగులు మార్చే మెసేజ్ అయితే పంపినవాడికి ఆ అధికారం ఉందో లేదో నెట్‌లింక్_కేపబుల్‌తో చూసుకో.

‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అన్నది పై రెండింటికీ సంబంధం లేని వేరే తప్పు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల జీఎఫ్‌పీ_కర్నల్‌తో బఫర్ అడుగుతున్నావు. మెమరీ చేతికి అందేలా ఉంటే వెంటనే ఇస్తుంది, లేకపోతే కాసేపు నిద్రపోయి తెస్తానంటుంది. ఇంటరప్ట్‌లో నిద్రపోవడానికి వీల్లేదు. అందుకే నీకు ఒక్కోసారి మాత్రమే వస్తోంది. జీఎఫ్‌పీ_అటామిక్ (నిద్రపోకుండా మెమరీ అడిగేది) పెడితే చాలని చాలామంది చెబుతారు, ఆ హెచ్చరిక రావడం ఆగిపోతుంది కూడా. నేనైతే అక్కడితో ఆగను. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో కూర్చుని సాకెట్ పనులు చేయడమే మంచి అలవాటు కాదు. రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ బదులు రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూ వాడు, ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్ ఫ్లాగ్ ఇవ్వు. అప్పుడు నీ పని ఒక కర్నల్ థ్రెడ్‌లో నడుస్తుంది, అక్కడ నిద్రపోవచ్చు, జీఎఫ్‌పీ_కర్నల్ కూడా వాడుకోవచ్చు. ఇంకో లాభం: మాగ్నెట్ స్విచ్ ఒకసారి కదిలితే లోపలి రేకులు కొన్ని మిల్లీసెకన్లు కొట్టుకుంటాయి, ఒక్క తలుపుకి నాలుగైదు ఇంటరప్ట్‌లు వస్తాయి. థ్రెడ్‌లో ఒక 20 మిల్లీసెకన్లు ఆగి, అప్పుడు పిన్ చదివి, పాత విలువ కంటే మారితేనే మెసేజ్ పంపు.

మళ్లీ నడిపితే మెసేజ్‌లు రాకపోవడం గురించి. ప్రోగ్రామ్ మొదట పంపే ‘హలో’ నుంచి దాని పోర్ట్ ఐడీ (నెట్‌లింక్‌లో దాని చిరునామా నంబర్) తీసి మాడ్యూల్‌లో దాచుకున్నావు. ప్రోగ్రామ్ ఆగి మళ్లీ మొదలైతే కొత్త ఐడీ వస్తుంది, నీ మాడ్యూల్ మాత్రం చచ్చిపోయిన దానికే పంపుతూ ఉంటుంది. పంపిన ప్రతిసారీ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని మైనస్ 111 తిరిగొస్తోంది, నువ్వు ఆ రిటర్న్ విలువని చూడటం లేదు. కొత్త ప్రోగ్రామ్ మళ్లీ హలో చెప్పినా నీ మాడ్యూల్ పట్టించుకోదు, ‘ఐడీ సున్నా అయితేనే దాచుకో’ అని ఇఫ్ పెట్టావు మరి. ఐడీ దాచుకోవడం మానేసి మల్టీకాస్ట్ గ్రూప్‌కి మారు. మాడ్యూల్ గ్రూప్‌కి చెబుతుంది, ఇష్టమైన వాళ్లు చేరతారు, పోతారు, వాళ్లెవరో మాడ్యూల్‌కి తెలియాల్సిన పనే లేదు. వినేవాళ్లు ఎవరూ లేకపోతే మైనస్ ఈఎస్‌ఆర్‌సీహెచ్ వస్తుంది, దాన్ని ఎర్రర్‌గా లాగ్‌లో నింపకు.

అయితే మల్టీకాస్ట్‌తోనూ ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ ప్రాజెక్టులో అసలు ఆలోచించాల్సింది అదేనని నా అభిప్రాయం. ప్రోగ్రామ్ నడవనప్పుడు తలుపు తెరుచుకుంటే ఏమవుతుంది? ప్రోగ్రామ్ నెమ్మదిగా చదువుతుంటే సాకెట్ బఫర్ నిండిపోతుంది, అప్పుడు కర్నల్ మెసేజ్‌ని పారేసి, తర్వాతి రీసీవ్‌లో ‘ఈనోబఫ్స్’ అని మాత్రం చెబుతుంది. నెట్‌లింక్ మెసేజ్ చేర్చడానికి ప్రయత్నిస్తుందే తప్ప గ్యారంటీ ఇవ్వదని దాని మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది. నీ ప్రోగ్రామ్‌లో ఈనోబఫ్స్ వస్తే ‘ఎర్రర్’ అని ప్రింట్ చేసి బయటికి వచ్చేస్తున్నావు. అంటే అన్ని మెసేజ్‌లు ఒకేసారి వచ్చినప్పుడే అలారం ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

అందుకని రెండు రకాల మెసేజ్‌లు పెట్టుకో. ఒకటి మాడ్యూల్ తనంతట తాను పంపేది, తలుపు మారిందని. రెండోది ప్రోగ్రామ్ అడిగితే ఇచ్చేది, ఇప్పుడు తలుపు ఎలా ఉంది, చివరిసారి ఎప్పుడు మారింది, మాడ్యూల్ ఎక్కినప్పటి నుంచి ఎన్నిసార్లు మారింది అని. ప్రోగ్రామ్ మొదలవగానే ముందు గ్రూప్‌లో చేరాలి, ఆ తర్వాతే స్థితి అడగాలి. తిరగేసి చేస్తే అడగడానికీ చేరడానికీ మధ్య జరిగిన మార్పు నీకు తెలియదు. ఈనోబఫ్స్ వచ్చినప్పుడు బయటికి రాకుండా మళ్లీ స్థితి అడగాలి. ఎన్నిసార్లు మారిందన్న లెక్క ఉంటే మధ్యలో ఎన్ని మెసేజ్‌లు పోయాయో కూడా తెలిసిపోతుంది. ఇలా రాస్తే ఒక మెసేజ్ పోయినా అలారం తప్పు చెప్పదు.

ఇప్పుడు నీ ఫ్రెండ్ మాట. మామూలు ప్రాక్ ఫైల్ పెడితే ప్రోగ్రామ్ మాటిమాటికీ తెరిచి చదువుతూ ఉండాలి, కర్నల్ తనంతట తాను పిలవదు. పైగా ప్రాక్ ఉన్నది ప్రాసెస్‌ల వివరాల కోసం, కొత్త డ్రైవర్లు అక్కడ ఫైళ్లు పెట్టడాన్ని కర్నల్ వాళ్లు ఇష్టపడరు. నెట్‌లో దొరికే పాత ప్రాక్ ఉదాహరణలు కూడా 5.6 కర్నల్ నుంచి అలాగే కంపైల్ కావు, అక్కడ ప్రాక్_ఆప్స్ అని వేరే స్ట్రక్ట్ వచ్చింది. ఐఆక్టల్ (ప్రోగ్రామ్ నుంచి డ్రైవర్‌కి కమాండ్ పంపే కాల్) తీసుకున్నా అంతే, ప్రోగ్రామ్ అడిగితేనే మాడ్యూల్ చెబుతుంది. మీ ఫ్రెండ్‌కి నిజంగా సులువైన దారి కావాలంటే మిస్క్ డివైస్ ఉంది: ‘/డెవ్’లో ఒక ఫైల్, దానికి రీడ్, పోల్ ఫంక్షన్లు, మధ్యలో ఒక వెయిట్ క్యూ. తలుపు మారగానే మాడ్యూల్ ఆ క్యూలో ఉన్నవాళ్లని లేపుతుంది. వినేది ఒక్క ప్రోగ్రామే అయితే నేను ఇదే రాస్తాను, నెట్‌లింక్ జోలికే పోను.

అసలు నిజం చెప్పాలంటే, ఒక్క స్విచ్ చదవడానికి మాడ్యూలే అక్కర్లేదు. 4.8 కర్నల్ నుంచి జీపీఐఓ పిన్‌లకి (బోర్డు మీద స్విచ్ లాంటివి కలిపే పిన్‌లకి) క్యారెక్టర్ డివైస్, అంటే ‘/డెవ్’లో ఒక ఫైల్ ఉంది. లిబ్‌జీపీఐఓడీ లైబ్రరీ వేసుకుంటే మామూలు ప్రోగ్రామే పిన్ మారేదాకా నిద్రపోయి, మారగానే లేస్తుంది. కర్నల్‌లో ఒక్క లైన్ కూడా రాయక్కర్లేదు, బోర్డు ఫ్రీజ్ అయ్యే ప్రసక్తే లేదు. రేపు మీ మామయ్య దగ్గర నిజంగా బిగించేటప్పుడు ఇదే పెట్టు. కోల్డ్ స్టోరేజీలో రాత్రిపూట మాడ్యూల్ బోర్డుని పడగొడితే దగ్గర నువ్వుండవు. రివ్యూలో ఈ మాట నువ్వే ముందు చెప్పు, దాచకు. మాడ్యూల్ ఎలా మాట్లాడుతుందో నేర్చుకోవడం కోసం ఈ దారి పట్టామని, బిగించేది మాత్రం వేరే అని చెబితే ఏ సారూ మార్కులు తగ్గించడు.

అప్పుడు ‘నెట్‌లింకే ఎందుకు’ అంటే ఏం చెప్పాలి? మీ దగ్గర తలుపు వార్త కావాల్సింది ఒక్కరికి కాదు. సైరన్ మోగించేది ఒకటి, లాగ్ రాసేది ఒకటి, మామయ్య ఫోన్‌కి మెసేజ్ పంపేది ఒకటి. మూడూ వేర్వేరు ప్రోగ్రామ్‌లైతే ఒకటి చచ్చినా మిగతా రెండూ నడుస్తాయి. కర్నల్ ముందుగా మాట మొదలుపెట్టాలి, ఒకే మాట ముగ్గురికీ చేరాలి, ఎవరైనా అడిగితే జవాబూ ఇవ్వాలి. ఈ మూడూ కావాలంటే నెట్‌లింక్ సరైన ఎంపికే. ‘ఐపీ’ కమాండ్ నెట్‌వర్క్ కార్డుల సంగతి కర్నల్‌ని అడిగేదీ, పెన్‌డ్రైవ్ పెట్టగానే యూడెవ్‌కి (డివైస్‌ల సంగతి చూసుకునే ప్రోగ్రామ్‌కి) తెలిసేదీ దీని మీదే. ఈ ఉదాహరణలు సార్‌కి చెప్పు, ‘ఐపీ మానిటర్’ నడుపుతూ వైఫై ఆపి చూపించు.

ప్రోటోకాల్ నంబర్‌గా 31 పెట్టావు. దాదాపు అన్ని ఉదాహరణల్లోనూ అదే ఉంటుంది. మొత్తం 0 నుంచి 31 దాకా 32 నంబర్లే ఉన్నాయి, ఇష్టమొచ్చింది ఎత్తుకుంటే రేపు ఇంకో మాడ్యూల్‌తో గొడవ. జెనరిక్ నెట్‌లింక్‌కి మారు. అది నంబర్ 16 మీద నడుస్తుంది, నువ్వు ఒక పేరుతో ఫ్యామిలీ రిజిస్టర్ చేసుకుంటే ఐడీ కర్నలే ఇస్తుంది. లిబ్‌ఎన్‌ఎల్ లైబ్రరీతో ప్రోగ్రామ్ ఆ పేరు చెప్పి ఐడీ కనుక్కుంటుంది. డేటా కూడా స్ట్రక్ట్‌గా కాకుండా ఒక్కో విలువా తన పొడవు, రకంతో పాటు విడి అట్రిబ్యూట్‌గా వెళుతుంది కాబట్టి 32, 64 తలనొప్పి మళ్లీ రాదు. రేపు టెంపరేచర్ కూడా పంపాలనుకుంటే కొత్త అట్రిబ్యూట్ కలిపితే చాలు, పాత ప్రోగ్రామ్ దాన్ని వదిలేసి మిగతాది చదువుకుంటుంది. రాయాల్సిన కోడ్ కొంచెం ఎక్కువే, రివ్యూ మరీ ఎల్లుండే అయితే ఇప్పటికి వదిలెయ్. రాశాక ‘జెనెల్ కంట్రోల్ లిస్ట్’ కొట్టు, నీ ఫ్యామిలీ పేరు అందులో కనిపించాలి.

టెస్టింగ్ మాత్రం ముందు బోర్డు మీద చేయకు. ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకుని, కాసాన్ (మెమరీ తప్పులు పట్టుకునే కర్నల్ సౌకర్యం) ఆన్ చేసిన కర్నల్ అందులో వేసుకో. స్విచ్ బదులు సెకనుకోసారి కొట్టే టైమర్‌తో వర్క్ క్యూకి (పనిని కర్నల్ థ్రెడ్‌లో నడిపించే క్యూకి) పని ఇచ్చి, మెసేజ్ అక్కడి నుంచి పంపు. నీ పాత కేఫ్రీ_ఎస్‌కేబీ లైన్ అలాగే ఉంచి ఒకసారి నడిపి చూడు. రెండుసార్లు వదిలిన సంగతి ఏ ఫంక్షన్‌లో జరిగిందో సహా డీమెసేజ్‌లో వస్తుంది. ఆ అవుట్‌పుట్‌ని రిపోర్ట్‌లో పెట్టు, చాలా మంది రిపోర్ట్‌లలో ఉండే బ్లాక్ డయాగ్రామ్ కంటే అది విలువైనది. వైర్ మీద ఏం పోతోందో చూడాలంటే నెట్‌లింక్ మెసేజ్‌లని పట్టి చూపించే ‘ఎన్‌ఎల్‌మాన్’ మాడ్యూల్ ఎక్కించి, ఆ రకం ఇంటర్‌ఫేస్ ఒకటి తయారు చేసి, వైర్‌షార్క్‌లో తెరువు. మొదట 16 బైట్ల హెడర్, తర్వాత నీ డేటా, అన్నీ బైట్‌బైట్‌గా కనిపిస్తాయి.

నీ ఎగ్జిట్ ఫంక్షన్‌లో వరుస కూడా తిరగబడి ఉంది. ముందు సాకెట్‌ని మూసి, తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్‌ని వదిలేసే కాల్) పిలుస్తున్నావు. ఆ రెండింటి మధ్య తలుపు కదిలితే హ్యాండ్లర్ అప్పటికే మూసేసిన సాకెట్ మీద పంపుతుంది. ముందు ఫ్రీ_ఐఆర్‌క్యూ, అది థ్రెడ్ పూర్తయ్యేదాకా ఆగి తిరిగొస్తుంది, ఆ తర్వాత సాకెట్. మార్చాక మీ ఫ్రెండ్‌ని మాగ్నెట్ ఊపుతూ ఉండమని చెప్పి, నువ్వు మాడ్యూల్‌ని ఎక్కించే ఇన్స్‌మోడ్, దించే ఆర్‌ఎంమోడ్ కమాండ్లని స్క్రిప్ట్‌లో పెట్టి ఒక పావుగంట తిప్పు. ఇద్దరూ చాయ్ తాగి వచ్చేసరికి బోర్డు ఇంకా బతికుంటే రివ్యూకి తీసుకెళ్లొచ్చు.